రెండు గంటల పది నిమిషాలు

"సంతకం పెట్టు సిస్టర్. అందరూ పెట్టారు, నువ్వొక్కదానివే మిగిలావు," అంటూ పెద్ద డాక్టరు కేస్ షీటు ఆమె ముందుకు తోశాడు.

కాగితం కొత్తది. పేషెంటు ఆలస్యంగా వచ్చిందనీ, కాన్పు కాగానే డాక్టరు దగ్గరుండి చూశాడనీ, ఎంత చేసినా ప్రాణం నిలవలేదనీ అందులో పొందిగ్గా రాసి ఉంది.

"ఇది నేను రాసిన షీటు కాదు సార్."

"నీది నీళ్ళు పడి పాడైపోయింది."

"కాగితం పాడైంది సార్. నాకు గుర్తుంది."

డాక్టరు పెన్ను మూత పెట్టేశాడు. "ఎల్లుండి విచారణ. అంతవరకూ డ్యూటీకి రాకు. ఇంట్లో కూర్చుని గుర్తు తెచ్చుకో, ఏం చెబితే నీకు మంచిదో."

ఏది చేసినా పక్కన నిమిషాలతో సహా టైం రాస్తుందని వార్డులో ఆమెను గడియారం సిస్టర్ అంటారు. "మా సిస్టర్ తుమ్మినా టైం వేసుకుంటుంది," అని ఆయా నవ్వించేది. ఈ నెల రోజులుగా వార్డులో ఎవరూ నవ్వడం లేదు.

చనిపోయింది పిండిమర నడిపే ఆవిడ పెద్దకూతురు. తొలి కాన్పు. ఆడపిల్ల పుట్టింది, కేరుమంది. "ముక్కు నాదేనా సిస్టర్? వాళ్ళ నాన్నది రాలేదు కదా?" అని ఆ అమ్మాయి నవ్వుతూ అడిగింది కూడా. మాయ మాత్రం పూర్తిగా పడలేదు. ముక్క లోపలే ఉండిపోయింది. నెత్తురు ఆగలేదు.

మధ్యాహ్నం రెండూ అయిదుకి సిస్టర్ మొదటి ఫోన్ చేసింది. సొంత క్లినిక్‌లో ఉన్న పెద్ద డాక్టరు "వస్తున్నా" అన్నాడు. రెండున్నరకి మళ్ళీ చేస్తే మళ్ళీ "వస్తున్నా." మూడింటికి ఫోనే ఎత్తలేదు. నాలుగూ పదిహేనుకి వచ్చాడు. అప్పటికే సిస్టర్ పట్టుకున్న చెయ్యి చల్లబడిపోయింది.

ఆ రెండు గంటల పది నిమిషాలు ఆమెను నిద్రపోనివ్వడం లేదు. ఆయన వస్తున్నా అన్నాడు కాబట్టే ఆగింది. మొదటి ఫోన్‌కే నమ్మకం వదులుకుని ఆంబులెన్సు ఎక్కించేసి ఉంటే? ఇంకో డాక్టరున్న ఆసుపత్రి ఎంత దూరమైనా సరే, ఎక్కించేసి ఉంటే?

ఈ విచారణ దానంతటది రాలేదు. పిండిమరకి తాళం వేసి, ఆ తల్లి ఆఫీసుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. "నా బిడ్డ ఎందుకు పోయిందో ఒక్కరు చెప్పండయ్యా," అంటూ కనబడ్డ అధికారికల్లా అర్జీ ఇచ్చింది. చివరికి ఆమె పోరు పడలేకే ఇద్దరు అధికారులు వచ్చారు.

విచారణ రోజు ఆసుపత్రి ఆఫీసు గదిలో సిస్టర్ మొత్తం చెప్పేసింది. ఫోన్లు, టైములు, పాడైపోయిందన్న షీటు, ఏదీ దాచలేదు. పెద్ద డాక్టరు ఎదురుగానే కూర్చుని చేతి గోళ్ళు చూసుకుంటున్నాడు.

"ఇవన్నీ ఆ రోజే ఎందుకు చెప్పలేదు?" అడిగింది అధికారిణి.

"భయపడ్డాను మేడమ్. ఇప్పుడూ భయంగానే ఉంది."

తర్వాత తల్లిని పిలిచారు. జుట్టు చెదిరిపోయి, రొప్పుతూ వచ్చి నిలబడిందావిడ. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఈ అర్జీ నీదేనా అమ్మా?"

"నాదేనండి."

"ఆ రోజు ఏం జరిగిందో చెప్పు."

ఆవిడ సిస్టర్ వైపు చూడలేదు. "ఏం జరగలేదండి. డాక్టరుగారి తప్పేం లేదు. మా పిల్లకి ఆయుష్షు అంతే. కడుపుమంటతో ఏదేదో రాయించాను. వేరే ఎవరేం చెప్పినా నమ్మకండి."

సిస్టర్ కుర్చీలోంచి సగం లేచింది.

"ఎవరైనా బెదిరించారా?" అధికారిణి ముందుకు వంగింది.

"లేదండి. వేలిముద్ర ఎక్కడ వెయ్యమంటే అక్కడ వేస్తాను. తొందరగా పంపించెయ్యండి."

వేలిముద్ర పడింది. ఫైలు మూసేశారు. "మరి మీరు చెప్పినవాటి సంగతి ఏంటి సిస్టర్?" అని అడిగాడు రెండో అధికారి. ఆమె లేచి బయటికి వచ్చేసింది.

వరండాలో గోడకానుకుని నిలబడి ఉంది ఆ తల్లి. సిస్టర్ తిన్నగా వెళ్ళి ఆవిడ భుజం పట్టుకుంది.

"నేను అబద్ధం చెప్పాననా నీ ఉద్దేశం?"

"నువ్వు చెప్పిందంతా నిజమే తల్లీ. నా బిడ్డ చెయ్యి పట్టుకుని కూర్చున్నదానివి నువ్వొక్కదానివే. నాకు తెలీదా?"

"మరెందుకమ్మా? నీకోసం ఉద్యోగం పోయినా పరవాలేదని నోరు విప్పాను. కన్నతల్లివి, నువ్వే కాదంటే ఎలా?"

ఇంతలో లేబర్ రూమ్ వైపు నుంచి ఆయా పరుగెత్తుకొచ్చి విచారణ గది తలుపు నెట్టింది. "సార్! బిడ్డ అడ్డం తిరిగింది. ఆలస్యం చేస్తే ఇద్దరూ దక్కరు!"

పెద్ద డాక్టరు చొక్కా చేతులు మడుచుకుంటూ బయటికి వచ్చాడు. ఆ తల్లి గబుక్కున ఎదురెళ్ళి రెండు చేతులూ జోడించింది. వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోయింది. ఆయన ఆవిడ తల మీదుగా సిస్టర్ వైపు ఒక్క చూపు చూసి, అదే నడకతో లోపలికి వెళ్ళిపోయాడు.

సిస్టర్‌కి ఒళ్ళు మండిపోయింది. "నీ కూతుర్ని చంపిన మనిషి కాళ్ళా పట్టుకుంటావు? సిగ్గుగా లేదూ!"

ఆవిడ మూసుకున్న తలుపు మీంచి చూపు తిప్పలేదు.

"లోపల ఉన్నది నా రెండో కూతురు తల్లీ."