నిన్న ఉన్నట్టు ఉంటే చాలు

"మరక పోతోందా, పెరుగుతోందా?" అని అడిగాడు ఎర్గాష్.

కార్లు కడిగే జావ్లోన్ తల కారు వెనక సీటులోకి దూరి ఉంది. బయటికి కనిపిస్తున్నది అతని వెనక భాగమే. మాట కూడా అటునుంచే వచ్చినట్టుంది.

"పోయేముందు కొంచెం పెరుగుద్ది బాబాయ్. జ్వరం దిగేముందు ఎక్కినట్టు."

ఎర్గాష్ వంగి చూశాడు. పొద్దున అరచేతంత ఉన్న మరక ఇప్పుడు తందూరు రొట్టెంత అయింది. లేతరంగు గుడ్డ మీద గొర్రె కొవ్వు, క్యారెట్ పసుపు, ఆపైన సబ్బు నురగ.

తప్పు తనదే. ఇవాళ పెద్దమ్మాయి నజాకత్ పెళ్ళి. తెల్లవారకముందే వీధిలో మగవాళ్ళందరికీ పులావ్ పెట్టారు. రాలేని పెద్దలకు ఇంటికి పంపాలి కదా అని, మంచం పట్టిన మేనమామ కోసం పళ్ళెం నిండా పెట్టి, గుడ్డలో మూటగట్టి, వెనక సీటులో పెట్టుకుని బయల్దేరాడు. కాలవ మలుపులో వెనక ధబ్బుమంది. తొమ్మిదేళ్ళుగా ఈ కారును తన చేత్తో తుడిచిన మనిషి. ఒక్క గీత పడనివ్వలేదు.

"చూడబ్బాయ్, నాకు కొత్తదానిలా అక్కర్లేదు. నిన్న ఎలా ఉందో అలా ఉంటే చాలు."

జావ్లోన్ తల బయటికి వచ్చింది. మీసం మీద నురగ. "ఇదేం కోరిక బాబాయ్? అందరూ షోరూమ్ నుంచి దిగినట్టుండాలంటారు. సమర్‌ఖండ్ నుంచి ఓష్ దాకా కార్లకు ప్రాణం పోసే చేతులు రెండే ఉన్నాయి. రెండూ నావే."

"రెండింటికి మా పిల్ల ఇందులో ఎక్కాలి."

"అంత కంగారైతే వేరే కారు మాట్లాడుకో. మా బావమరిదికి తెల్లది ఉంది."

"తెల్లవి మన మార్గిలాన్ ఊరంతా ఉన్నాయి. పిల్లని చూడ్డానికొచ్చిన రోజు వియ్యాలవారు మా గుమ్మం ముందు చూసింది ఈ నల్లదాన్నే. పిల్ల ఇందులోనే దిగాలని పెళ్ళికొడుకు తల్లి నిన్న కూడా ఫోన్ చేసింది. ఆవిడ ముందు నా కూతురు తల దించుకోకూడదు."

"తల దించుకోవడమా? ఈ మెరుపుకి ఆవిడే కళ్ళు మూసుకుంటుంది."

ఎర్గాష్ ఫోన్ మోగింది. భార్య. "ఎక్కడున్నావయ్యా? పిల్లకి ముసుగు కూడా వేసేశారు."

"దార్లో ఉన్నా," అని అబద్ధమాడుతూ, అది జావ్లోన్‌కు వినపడకుండా గేటు బయటికి నడిచాడు. తిరిగొచ్చేసరికి లోపల పాలిష్ మిషన్ గుర్రుమంటోంది.

"బానెట్ ముట్టుకోమని ఎవరు చెప్పారు నీకు?"

"ఒకరు చెప్పేదేముంది? నా తరఫున పెళ్ళి కానుక." జావ్లోన్ ఒక చేత్తో మిషన్ పట్టుకుని, మొహాన్ని మాత్రం స్టాండు మీదున్న ఫోన్‌కి తిప్పాడు. "చూస్తున్నారా సోదరులారా, ఇది చెయ్యి కాదు, వరం."

"ఆ ఫోనేంటి?"

"లైవ్ బాబాయ్. నీ మొహం రాదులే. ఇక్కడ హీరోయిన్ కారే."

"ఆపెయ్. దయచేసి ఆపెయ్."

"ఎలా ఆపమంటావ్? ఇప్పుడే నాలుగొందల మంది చేరారు. సోదరులారా, బాబాయ్‌కి కెమెరా అంటే సిగ్గు. ఈ వయసులో..."

జావ్లోన్ మాట ఆగలేదు. మిషన్ కదల్లేదు. తిరుగుతూ తిరుగుతూ ఒక్కచోటే ఉండిపోయింది. మాడిన వాసన కొట్టాక గానీ ఇద్దరూ కిందికి చూడలేదు. నల్లటి బానెట్ నడిమధ్య గిన్నెంత బూడిదరంగు మచ్చ.

జావ్లోన్ గబుక్కున ఫోన్ బోర్లించాడు. "దీన్ని మంచు మెరుగు అంటారు బాబాయ్. దుబాయ్‌లో కావాలని చేయించుకుంటారు."

ఎర్గాష్ బకెట్ బోర్లించి దానిమీద కూలబడ్డాడు. మళ్ళీ లేచి చొక్కా చేతిని లాగి మచ్చని రుద్దాడు. మచ్చ చొక్కాకి అంటలేదు, ఉన్నచోటి నుంచి కదల్లేదు.

"ఇంకా ఇద్దరాడపిల్లలున్నారు నాకు," అన్నాడు. "నా ఇల్లు దీనిమీదే నడుస్తోందిరా."

ఆ గొంతు విన్నాక జావ్లోన్ దుబాయ్ మాట మళ్ళీ ఎత్తలేదు. చేతులు తుడుచుకుంటూ నేల చూపులు చూశాడు.

"నిజం చెప్పనా? ఈ పని నాకెవరూ నేర్పలేదు. ఈ చలికాలమే ఫోన్లో చూసి నేర్చుకున్నా. బానెట్ మీద మిషన్ పెట్టడం ఇదే మొదలు."

"మొదలు నాతోనే పెట్టావా?"

"ఎవరో ఒకరితో పెట్టాలిగా బాబాయ్."

తిట్టబోయి ఎర్గాష్ గోడ వైపు చూశాడు. గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. మళ్ళీ భార్య ఫోన్. ఎత్తలేదు.

"పువ్వులు," అన్నాడు జావ్లోన్ ఉన్నట్టుండి. "పెళ్ళి కారేగా. పువ్వులుండొచ్చుగా."

రోడ్డు దాటి పరిగెత్తాడు. అవతలి కొట్టు నుంచి గులాబీల గుత్తి, తెల్ల రిబ్బను మోసుకొచ్చాడు. ఎర్గాష్ డిక్కీ తెరిచి, తెల్లవారుజామున అతిథులకు పరిచిన పట్టు బొంత తీసి వెనక సీటంతా కప్పాడు. రిబ్బను బానెట్‌కి అడ్డంగా లాగి, మచ్చ మీద గులాబీలు కట్టాడు. వెనక జావ్లోన్ మళ్ళీ ఫోన్ పట్టుకుని లైవ్‌లో సోదరులతో ఏదో అంటున్నాడు. ఎర్గాష్ చెవికి ఎక్కలేదు.

రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. మచ్చ లేదు, మరక లేదు. వియ్యపురాలే కాదు, ఎవరు చూసినా పెళ్ళి కారే. పొద్దున్నుంచి మొదటిసారి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"గట్టెక్కాం బాబాయ్," అన్నాడు జావ్లోన్.

"గట్టెక్కాంరా," అని ఎర్గాష్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఫోన్ మోగింది. భార్యే అనుకుని, చూడకుండానే చెవికి ఆనించుకున్నాడు. "బయల్దేరా. ఐదు నిమిషాల్లో గుమ్మం ముందుంటా."

అవతల ఉన్నది భార్య కాదు. తొమ్మిదేళ్ళుగా రోజూ వినే మగగొంతు, నెమ్మదిగా.

"నా కారుకి ఆ పువ్వులేంటయ్యా, ఎర్గాష్?"