పీకితే తెలుస్తది

“సార్, ముందుగాల ఒక్క మాట...”

“మాటలు తర్వాత. నువ్వు జరుగు, నేను పీకుత.”

కనకరాజు చొక్కా చేతులు పైకి మడిచాడు. దిల్‌సుఖ్‌నగర్‌లోని తన కోచింగ్ సెంటర్‌కు ఏది కొన్నా ఆయన పద్ధతి ఇదే. బెంచీ అయితే ఎక్కి గెంతుతాడు. ఫ్యాన్ అయితే స్విచ్ టకటకా కొడతాడు. తట్టుకుంటే కొంటాడు, లేకుంటే వాపస్. ఇవాళ వంతు సర్వర్లది.

పాఠాల వీడియోలు ముక్కలు ముక్కలుగా దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ బ్రాంచీల కంప్యూటర్లలో ఉంటాయి. ఏ ముక్క ఎక్కడుందో చెప్పేది ఒకే ఒక్క పాత మెషిన్. దాని బదులు పెట్టడానికి సెంటర్ కంప్యూటర్లు చూసే జ్యోతిక రెండు సర్వర్లు ట్రయల్‌కు తెప్పించి, పాతదాంట్లోని వివరాలన్నీ వాటిలోకి ఎక్కించింది. ఆమె ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. సారు వద్దంటే సాయంత్రం కంపెనీవాళ్లు వచ్చి పట్టుకుపోతారు.

“గింత చిన్న డిస్కులకు గంత ధర ఏందమ్మా? గదే పైసలకు గోదామంత డిస్కు ఒస్తది.”

“సార్, బాటసింగారం మార్కెట్ల మస్తు లారీలుంటయి. ఏ లారీల ఏ పండుందో ఒక్కడికే తెలుసనుకోండి. వాడు జ్వరమొచ్చి పండుకుంటే?”

“మామిడి లారీలనే మురుగుతది.”

“మరి గా మనిషికి గోదాం ఎందుకు సార్? చురుకుదనం కావాలె. పక్కన గవే సంగతులు తెలిసినోడు ఇంకొకడుండాలె. అందుకే చిన్నవి, ఫాస్ట్‌వి, జతలు జతలుగ తెప్పించిన.”

పిల్ల గట్టిదే అనుకున్నాడు కనకరాజు. పైకి మాత్రం మొహం ముడుచుకునే ఒక డిస్కు పట్టి లాగాడు.

చటుక్కున బయటికొచ్చింది. ఎదురుగా స్క్రీన్ మీద నడుస్తున్న పాఠాల వీడియోలు ఆగలేదు. జతలోని రెండో డిస్కు పని అందుకుంది.

“ఇగ రెండోది.”

“సార్ సార్! అది మళ్ల పెట్టండి. పక్కదాంట్ల ఉన్నదంతా దీంట్లకు ఎక్కనీయండి. జర ఆగండి.”

“ట్రయల్‌కే గింత పరేషానా?”

ఆగాడు. చాయ్ తెప్పించుకుని తాగుతూ స్క్రీన్ మీద ఒక్కో వీడియో పక్కన కదిలే విద్యార్థుల పేర్లు చదివాడు.

“ట్రయల్ కోసం పేర్లు భలే కల్పించినవ్ పో! ఎలీశమ్మ అంట. గీ కాలంల ఎలీశమ్మ గ్రూప్స్‌కు చదువుతదా?”

“చదివితే తప్పేంది సార్?” జ్యోతిక చున్నీతో నుదురు తుడుచుకుంది. ఆమె చాయ్ అలాగే ఉంది.

కనకరాజు గ్లాసు పక్కన పెట్టి సర్వర్ వెనక నల్లటి వైరు పట్టుకున్నాడు.

“సార్, అది మొత్తం సర్వర్ కరెంటు!”

“తెల్సు. తోడు ఇంకోటుందని నువ్వే గద అన్నవ్?”

ఆమె పెదవి కొరుక్కుంది. ఒక్కసారి కళ్లు మూసి తెరిచింది.

“పీకండి సార్.”

పీకాడు. స్క్రీన్ బిగుసుకుపోయింది. ‘అయిపాయె’ అని ఆయన అనబోయేలోగా రెండో సర్వర్ మేల్కొంది. ఎలీశమ్మ పాఠం ఆగినచోటి నుంచే మళ్లీ నడిచింది. వైరు తిరిగి పెడితే మొదటి సర్వరూ లేచింది. ఒక్క పాఠం పోలేదు. నిరుడు కరెంటు పోయినప్పుడు పాత మెషిన్ సగం పాఠాలు మరిచిపోయింది మరి!

కనకరాజు వైపు నుంచి చప్పట్లు వినబడ్డాయి. ఆ గదిలో ఎవరూ అంతవరకు వినని చప్పుడది.

“శభాష్ బిడ్డా! నా చేతుల పడి ఇరగనిది గిదొక్కటే. వాపస్ లేదని చెప్పు కంపెనీవాళ్లకు. ఇగ పాతదాన్ని బంజేసి దీంట్లకు ఎప్పుడు మారుస్తవ్?”

జ్యోతిక కుర్చీలో కూలబడి, చల్లారిన చాయ్ గటగటా తాగేసింది.

“పాతది పొద్దుగాలనే సచ్చిపోయింది సార్, పిల్లలంతా ఇప్పుడు దీని మీదనే ఉన్నరు.”