వెనక గది తొట్టిలో పువ్వు

పదకొండు రోజులుగా వాళ్ళిద్దరి మధ్య మాటల్లేవు. పెళ్ళయి మూడు నెలలే.

ఇద్దరూ పనిచేసేది ఒకే ఆక్వేరియంలో. చేపలకు మేత వేసేది ఆమె, పొద్దున ఆరు నుంచి రెండు దాకా. తొట్లు కడిగేది అతను, రెండు నుంచి పది దాకా. ఆమె మెట్లు దిగుతుంటే అతను ఎక్కుతాడు. ఇదివరకు ఆ మెట్ల మీదే రోజూ ఐదు నిమిషాల కాపురం. ఎంత నవ్వుకునేవారో! ఇప్పుడు తల వంచుకుని పోతున్నాడు.

గొడవ ఓడ గురించి. సముద్రం నుంచి చేపలు తెచ్చే ఓడలో ఆరు నెలల పనికి, ఆమెకు మాటైనా చెప్పకుండా దరఖాస్తు పెట్టాడు. "పోతే పో" అనేసిందామె. శుక్రవారంలోగా అతను సంతకం పెట్టాలి.

"నువ్వే ముందు మాట్లాడొచ్చుగా?" అంది అక్క ఫోన్లో.

"తప్పు తనది. నేనెందుకు మాట్లాడతాను?"

"అయితే వెళ్ళి ఓడతో మాట్లాడుకో."

ఆ మర్నాడే కనిపించింది పువ్వు.

వెనక గదిలో కొత్తగా పెట్టిన తొట్టి అది. చూడ్డానికొచ్చే జనానికి ఆ గదిలోకి దారి లేదు. అందులో ఏమేం ఉన్నాయో రాసే పుస్తకంలో రెండు గళ్ళు. ప్రాణమున్నవి: చేప, ఒకటి. ప్రాణం లేనివి: ఇసుక, రాయి, పదహారు గవ్వలు. ఆ చేపకు మహా సిగ్గు. మనిషి అలికిడైతే చాలు, రాయి చాటుకు దూరిపోతుంది.

ఆ ఇసుకలో ఎవరో చెక్కినట్టు గుండ్రంగా, రేకు రేకుగా, పళ్ళెమంత పువ్వు! రేకుల అంచున వరసగా గవ్వలు.

ఆ తొట్టిలో చెయ్యి పెట్టేది తనూ, అతనూ ఇద్దరే. తను పెట్టలేదు.

రొయ్యల వాసన కొట్టే చేత్తోనే నోరు మూసుకుని నవ్విందామె. పక్క తొట్టిలోంచి ఒక తెల్ల గవ్వ తెచ్చి, పట్టకారుతో పువ్వు నడుమ పెట్టి వెళ్ళింది. తెల్లారి చూస్తే అది ఒక రేకు చివర ఉంది. జవాబొచ్చింది! ఆ మధ్యాహ్నం ఇంట్లో ఒక్కతే అన్నం తింటూ, ఎదుటి ఖాళీ కుర్చీకి ఆ సంగతంతా చెప్పుకుంది.

గురువారం రెండింటికి మెట్ల మీద అతనికి అడ్డంగా నిలబడింది.

"సంతకం పెట్టావా?"

"లేదు."

"ఏం?"

"ఆ పువ్వు అక్కడుండగా ఎలా పోతాను?"

ఆమె కళ్ళు నిండాయి. "నీకంత ఓపికుందని నాకు తెలీదు."

"ఆ మాట నేననాలి, రొయ్యపిల్లా" అంటూ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే, ఎవరూ లేని వెనక గదిలో, రాయి చాటునుంచి ఆ చేప మెల్లగా బయటికొచ్చి, చెదిరిన రేకును రెక్కలతో సరిదిద్ది, నోట కరిచిన గవ్వను దాని అంచున ఉంచి, ఇంకా రాని జోడు కోసం మళ్ళీ ఎదురుచూడసాగింది.