ఒక్క కమాను

ఎల్లేశం చేతిలో మొదట ఉన్నవి ఒక టైపు మిషను, ఒక మడత బల్ల, ఒక చిల్లుల గొడుగు. దరఖాస్తులు కొట్టి బతికేవాడికి అంతకన్నా పెట్టుబడి అక్కర్లేదు. కావలసింది నీడ.

అతను కూర్చునే మున్సిపల్ ఆఫీసు ఆవరణలో నీడ ఒక్కచోటే ఉంది. ఎప్పుడో ఒక ఇంగ్లీషు దొర విక్టోరియా రాణి కాలపు తీరులో కట్టించిన రాతి బడి అది. పిల్లలు బయటికి చూడకుండా కిటికీలు మనిషెత్తున పెట్టించాడు. ఒక గుమ్మం మీద ‘బాలురు’, ఇంకో గుమ్మం మీద ‘బాలికలు’ అని రాతిలో చెక్కించాడు. బొగ్గుబావులతో ఊరు పెరిగాక బడి వేరే చోటికి పోయింది, మున్సిపల్ ఆఫీసు ఇందులోకి వచ్చింది. క్లాసుగదుల మధ్య ప్లైవుడ్ అడ్డాలు లేచాయి. ఎత్తైన కప్పు కింద ఇంకో కప్పు దిగింది. అయినా గదులు చాలక వరండా కమానులన్నీ ఇటుకలతో మూసేశారు. ‘బాలురు’ గుమ్మం పక్కన ఒక్కటే మిగిలింది.

దాని కింద సారవ్వ కూర్చునేది.

“అవ్వా, జర జరుగు. మిషను పెట్టుకుంట.”

“నువ్వే జరుగు బిడ్డా. నీకు గొడుగన్న ఉన్నది.”

ఆమె రోజూ గోదావరిఖని నుంచి పొద్దుటి షిఫ్టు వాళ్ల ఆటోలో వచ్చేది. తలుపులు తీయగానే ‘బాలురు’ గుమ్మంలోంచి లోపలికి పోయేది. జనన మరణాల సెక్షన్ అక్కడే.

“సారూ, మా వీరేందర్ కాయిదం అయిందా?”

“ఇంకా కాలేదవ్వా. ఒక సాక్షి తక్కువ” అనేవాడు క్లర్కు విజయేంద్ర, తల ఎత్తకుండానే.

ఆమె తల ఊపి బయటికి వచ్చి కమాను కింద కూర్చుని, ఆఫీసుకు తాళం పడ్డాకే లేచేది. అంత ఓపిక ఎల్లేశం ఏ బేరంలోనూ చూడలేదు.

ఎండలు ముదిరాయి. మిషను రిబ్బను ఎండిపోయింది. జనం నీడ వెతుక్కుంటూ ఎదుటి జిరాక్స్ షాపుకు పోసాగారు. ఇట్లాగే నడిస్తే మిషను అమ్ముకోవడమే మిగులుతుంది.

ముసలమ్మను లేపలేం. పని అయిపోతే ఆమే లేస్తుంది. ఎల్లేశం లోపలికి వెళ్లాడు.

“ఆ అవ్వ కాయిదం ఎందుకు ఆగింది సారూ?”

“కొడుకు గోదావరిల కొట్టుకపోయిండట. శవం దొరకలేదు. కోడలు సావు కాయిదానికి దరఖాస్తు పెట్టి రామకృష్ణాపూర్ల తల్లిగారింటికి పోయింది. కండ్లార చూసినోళ్లు ఇద్దరు కావాలె. ఒక్కడే వచ్చిండు.”

“నేను చూసిన అనుకోండ్రి.”

“అనుకుంటే నడువది. చూసిన అని సంతకం పెట్టు.”

పెట్టాడు. ఖర్చు ఒక అబద్ధం, రాబడి ఒక కమాను. పైగా ముసలమ్మకు తిరుగుడు తప్పుతుంది. బేరం గిట్టుబాటే అనిపించింది.

కాగితం తయారైన రోజు విజయేంద్ర మొదటిసారి తల ఎత్తాడు.

“అయిపోయిందవ్వా. ఎల్లేశం సాక్ష్యం చెప్పిండు. ఇగో, తీస్కపో.”

సారవ్వ చెయ్యి చాపలేదు. బయటికి వచ్చి ఎల్లేశం ముందు నిలబడింది.

“నా కొడుకు మునుగుతుంటే నువ్వు చూసినవా బిడ్డా?”

క్లర్కు గుమ్మంలోకి వచ్చి వింటున్నాడు.

“చూసిన అవ్వా.”

“మల్ల పైకి తేలలేదా?”

“తేలలే.”

ఆమె సంచి భుజాన వేసుకుని, గేటు దాటి వెళ్లిపోయింది.

మర్నాడు ఎల్లేశం బల్ల కమాను కిందికి చేరింది. మధ్యాహ్నానికే జనం చుట్టూ మూగారు.

చివరి లెక్కలో అతనికి కమాను మిగిలింది. ‘ఇంకా కాలేదు’ అన్న మాట చెవులారా విని, ఆ రోజుకు కొడుకు బతికే ఉన్నాడని నమ్మడానికే ఇన్నాళ్లూ వస్తూ పోయిన సారవ్వకు ఏమీ మిగల్లేదు.