ఆరు బస్తాల బరువు

టక్‌మని చప్పుడైంది.

చల్లారుతున్న అతుకు మళ్ళీ పగిలింది. పొద్దుటి నుంచి ఇది మూడోసారి.

ఫిల్మ్ నగర్ స్టూడియోలో సెట్ల పని చూసే చలపతిరావుకి తల ప్రాణం తోకకొచ్చింది.

రేపు ఉదయం ఆరింటికి షూటింగ్. నలభై అడుగుల ఇనుప టవరు, దాని కొసన గాల్లోకి పొడుచుకొచ్చిన ఇనుప పలక. ఆ పలక మీద పరుగెత్తుకొచ్చి హీరో దూకాలి. హీరో అంటే హీరో కాదు, హీరోకి డూపు. నడుముకి తాడు కడతారు కానీ, ఆ తాడు రెండో కొస కట్టేది కూడా ఆ పలకకే.

పలకని కిందే ఓ ఇనుప చట్రానికి అతికించి, క్రేనుతో పైకెత్తి టవరుకి బిగించాలి. ఆ ఒక్క జాయింటూ నిలబడి చావడం లేదు.

సాయంత్రానికి పని కాకపోతే ఇంటికి పొమ్మని డైరెక్టర్ మైకులో చెప్పాడు, అందరూ వింటుండగా.

"కరెంటు ఇంకా పెంచు" అన్నాడు చలపతిరావు, వెల్డర్ ప్రేమ్ చంద్‌తో.

"నాల్గు వందల ఆంపులకు వచ్చిన సార్. గింత పెద్ద మిషన్ కిరాయికి తెచ్చినం, గిదే దీని ఆఖరు. ఇంకేం పెంచాలె?"

"మరేం రోగం దానికి?"

"వెల్డింగ్ రాడ్లకి తడి తగిలిందండి" అంది వెనక నుంచి ఓ ఆడగొంతు.

చలపతిరావు తిరిగి చూశాడు. యాభై ఏళ్ళుంటాయి. నూలు చీర, భుజాన సంచి. కళ్ళకి అడ్డం పెట్టుకున్న నల్లద్దాన్ని దించుతోంది.

ముక్కూమొహం తెలియనివాళ్ళు స్టూడియోలో కనిపిస్తే ఇక్కడెవరూ ఎందుకొచ్చారని అడగరు. వేషాల కోసమే వస్తారు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే అనుకున్నాడు.

"అమ్మ వేషాలైతే ఆఫీసులో ఫోటో ఇచ్చి వెళ్ళమ్మా. ఇక్కడ పని జరుగుతోంది."

"వేషానికి రాలేదండి. రాత్రి వానలో ఆ రాడ్ల పెట్టె మూత తీసే ఉన్నట్టుంది. ఈ రకం రాడ్లకి తడి పనికిరాదు. ఎంత కరెంటు పెట్టినా పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, చల్లారాక లోపల చీలుతుంది. ఓవెన్‌లో బాగా ఎండబెట్టి వాడాలి. ఇనుమూ ముందు వేడెక్కాలి."

"ఇవన్నీ నీకెవరు చెప్పారు?"

"విశాఖలో ఓడలకి ఇరవై రెండేళ్ళు ఇదే పని చేశానండి. పొడి రాడ్లు తెప్పించండి, నేనే అతికించి వెళ్తాను."

చలపతిరావుకి ఒళ్ళు మండింది. చెక్కతో కోటలు కట్టినవాడు, థర్మాకోల్‌తో కొండలు నిలబెట్టినవాడు. సెట్టు మీద ఏ పగులొచ్చినా లప్పం పెట్టి పూడ్చడమే అతనికి తెలిసిన విద్య. ఇరవై ఏళ్ళుగా ఏ కెమెరా కూడా అతని తప్పు పట్టుకోలేదు. ఇప్పుడీవిడొచ్చి నేర్పాలా?

"ప్రేమ్ చంద్, పైన ఇంకో వరస వేసెయ్. పగులు మీద లప్పం పెట్టించి వెండి రంగు కొట్టిస్తాను. తెర మీద ఎవడికీ కనపడదు."

"కనపడ్డానికి కాదు కదండీ అది, మోయడానికి" అంది ఆవిడ.

"డైలాగులు బాగానే చెప్తున్నావు గానీ, నా పని నన్ను చేసుకోనీ. ఎవరక్కడ, వాచ్‌మన్‌ని పిలవండి."

వాచ్‌మన్ వచ్చాడు. ఆవిడ రెండడుగులు వేసి ఆగింది. చేతులు జోడించింది.

"మనిషి ఎక్కేముందు ఆ పలక మీద ఆరు ఇసుక బస్తాలు పెట్టి చూడండి. పరుగెత్తి దూకితే అంత బరువు పడుతుంది. ఇంకేం అడగను."

"వేషాలు దొరక్కపోతే ఇలాగే పిచ్చెక్కుతుంది" అన్నాడు చలపతిరావు, ఆవిడకి వినపడేలాగే.

ఆవిడ తల దించుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఐదింటికి పలక పైకెక్కింది. వెండి రంగులో ధగధగ మెరిసింది. డైరెక్టర్ చూసి తలూపి వెళ్ళాడు. హమ్మయ్య అనుకున్నాడు చలపతిరావు.

ప్రేమ్ చంద్ మాత్రం అక్కణ్ణుంచి కదలలేదు.

"సార్, జర ఆ బస్తాలు పెట్టి చూద్దాం. నాకు మనసున పడతలేదు."

"నువ్వు కూడానా. సరే, పెట్టించు. ఆరు కాదు, ఎనిమిది పెట్టించు. ఆ మహాతల్లి మాట ఏపాటిదో ఇవాళే తేలిపోవాలి."

పంతానికే పెట్టించాడు. క్రేను ఒకటి పెట్టింది. రెండు. మూడు. పలక చెక్కుచెదరలేదు. చలపతిరావు ప్రేమ్ చంద్ వైపు చూసి వెటకారంగా నవ్వాడు.

నాలుగో బస్తా పెట్టగానే జాయింటు ఊడింది. పలకా బస్తాలూ కలిసి నలభై అడుగుల నుంచి నేలని గుద్దాయి.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. పడ్డచోట మోకాలి లోతు గుంట పడింది. రేపు పొద్దున ఆ గుంటలో ఏం ఉండేదో చలపతిరావుకి అర్థమైంది.

షూటింగ్ పోతే పోయింది, ఉద్యోగం పోతే పోయింది. కాళ్ళు పట్టుకునైనా సరే, ఆవిడ చేతే ఆ జాయింటు అతికించాలి. గేటు దగ్గరికి పరుగెత్తాడు.

"ఆవిడేది?"

"పోయింది సార్" అన్నాడు వాచ్‌మన్. "గింతసేపు గా చాయ్ బండి కాడనే నిలబడ్డది. మీరు బస్తాలు పెట్టిస్తరా లేదా అని పైకే చూస్తుండె. పలక కూలినంక దేవునికి దండం పెట్టి, బోరబండ ఆటో ఎక్కింది."

"నీకు తెలుసా ఆవిడ?"

"ఎరికే సార్. లోపటికి ఇడిసిందే నేను. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుంది. ఇంట్ల భయపడ్తున్నరని తెలిస్తే ఫైట్ మాస్టర్ పనిలకెళ్ళి తీసేస్తడంట."

"ఎవర్ని తీసేస్తాడు?"

వాచ్‌మన్ టవరు వైపు చూశాడు.

"రేపు గా పలక మీదికెళ్ళి దూకాల్సిన డూపును సార్, ఆమె కన్నకొడుకును."