ఉతికిన జెర్సీలు

“ఈ తాళం తీసుకెళ్ళి క్లబ్బులో ఇచ్చెయ్, విలియుస్. ఇక నేను ఆ గడప తొక్కను,” అంది బ్రోనే.

విలియుస్ తాళం వైపు చూడలేదు. ద్వారబంధానికి తల తగలకుండా వంగి వంటింట్లోకి వచ్చి, చిన్న స్టూలు మీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఊరి బాస్కెట్‌బాల్ జట్టుకు అతను కెప్టెన్. ఆ జట్టు జెర్సీలు ఉతికేది బ్రోనే. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది ఆ పనీ, ఆ కుర్రాళ్ళూ.

“ఇంత కమ్మగా వాసన వస్తుంటే తాళాల సంగతి ఎందుకు పిన్నీ.”

“మాట మార్చకు. తిను.”

ఆమె రెండు బంగాళాదుంప అట్లు పళ్ళెంలో వేసి, పైన పుల్ల మీగడ గరిటెతో వేసింది.

ఆ ఏడు లిథువేనియా లీగ్‌లో వాళ్ళ జట్టు సెమీఫైనల్ దాకా వస్తుందని ఎవరూ అనుకోలేదు. నడి చలికాలంలో గెలవడం మొదలుపెట్టి, ఇక ఆగలేదు. గెలుస్తున్నంత కాలం జెర్సీలు ఉతకకూడదు. అది ఊళ్ళో చిన్నాపెద్దా అందరికీ తెలిసిన కట్టడి. ఆ వాసనకి బస్సు డ్రైవరు కిటికీ తెరుచుకుని మంచులోనే బండి నడిపేవాడు. మ్యాచ్ అయ్యాక బ్రోనే వాటిని మూటకట్టి తన స్నానాల గదిలో ఓ మూల పెట్టుకునేది.

సెమీఫైనల్ చివరి మ్యాచ్ రోజు పొద్దున, వారాల తరబడి చన్నీళ్ళే వచ్చిన కుళాయిలో ఉన్నట్టుండి వేన్నీళ్ళు వచ్చాయి. ఎంతసేపు ఉంటాయో తెలియదు, మళ్ళీ ఎప్పుడొస్తాయో తెలియదు. దుప్పట్లు, తువ్వాళ్ళు, చేతికందినదల్లా తొట్టిలో వేసి ఉతికేసింది. ఆకుపచ్చ జెర్సీలు బాల్కనీ తీగ మీద ఆరేశాక గానీ, తనేం చేసిందో తెలిసిరాలేదు. అప్పటికే ఆ ఇళ్ళ సముదాయమంతా చూసేసింది.

ఆ సాయంత్రం జట్టు ఒక్క పాయింటుతో ఓడింది.

“నిన్న రొట్టెల క్యూలో జోఫియా ఏమందో తెలుసా?” అంది బ్రోనే. జోఫియా పక్కింటావిడ. “‘జరగండమ్మా జరగండి, ఫైనల్ని సబ్బు పెట్టి ఉతికేసిన మహాతల్లి వచ్చింది’ అంది. అందరూ నవ్వారు. నవ్వితే నవ్వనీ. వెనకాల ఓ ముసలాయన మాత్రం నవ్వలేదు. నన్ను చూసి టోపీ తీశాడు, ఎదురుగా శవం వెళ్తుంటే తీసినట్టు.”

“జోఫియాకి వేరే పని లేదు.”

“చర్చిలో ఫాదర్ దగ్గర కూడా చెప్పుకున్నాను.”

“ఉతకడం పాపమన్నాడా?”

“పాపం కాదన్నాడు. ఆశీర్వదించి, ‘కనీసం కెప్టెన్‌దన్నా వదిలేయాల్సింది బ్రోనే’ అన్నాడు.”

విలియుస్ నవ్వబోయి ఆగిపోయాడు. తుంచిన అట్టు ముక్క మళ్ళీ పళ్ళెంలోనే పెట్టాడు.

“చివర్లో రెండు ఫ్రీ త్రోలు పోగొట్టింది నేను పిన్నీ. నువ్వు కాదు.”

“నేననేదీ అదే. ఒకటి కాదు, రెండూ పోయాయి. నువ్వు జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా వేసినవాడివి. ఆ రోజు బంతి రింగుకైనా తగల్లేదు. నా చేతి చలవ కాకపోతే ఇంకేమిటి?”

అతను లేచి కిటికీ దగ్గర నిలబడ్డాడు. కింద జోఫియా సంచీ పట్టుకుని అతని కొత్త కారు చుట్టూ తిరుగుతూ అద్దాల్లోంచి లోపలికి తొంగిచూస్తోంది.

“మీ బావ జర్మనీ నుంచి తెచ్చాడటగా కారు? బాగుంది,” అంది బ్రోనే.

“ఊఁ.”

“ఏమిటలా ఉన్నావు? తినకుండా లేచావు. నామీద కోపం ఉంటే తిట్టు. నువ్విలా రోజూ వచ్చి బొగ్గులు మోసిపెట్టి వెళ్తుంటే నాకు ఇంకా సిగ్గుగా ఉంది.”

“కోపం లేదు పిన్నీ.”

“సరే విను. ఆదివారం హాల్లో సీజన్ ముగింపు సభ ఉందిగా. అందరి ముందూ నిలబడి క్షమాపణ అడుగుతాను. మైకు ఇప్పిస్తామన్నారు.”

విలియుస్ గిరుక్కున తిరిగాడు. “ఎవరన్నారు?”

“మీ కోచ్. ‘మంచిది బ్రోనే, చెప్పెయ్. ఊళ్ళో అందరి మనసూ తేలికపడుతుంది’ అన్నాడు. పాపం, ఎంత మర్యాదగా మాట్లాడాడో.”

“వద్దు. నువ్వు అక్కడికి రావద్దు.”

“వస్తాను. చెప్పేసి, మర్నాడు మా చెల్లెలి ఊరు వెళ్ళిపోతాను. మీరు గెలిస్తే నేను గెలిచినట్టు బతికాను. ఈ చేతుల్తోనే మిమ్మల్ని ముంచాను. ఇక మీ మధ్య ఏ మొహం పెట్టుకుని తిరగను?”

“నిన్ను ఎవరైనా పొమ్మన్నారా?”

“అననివాళ్ళున్నారా? అననిది నువ్వొక్కడివే.”

ఆమె చేతులు కడుక్కుని, తల రుమాలు సరిగ్గా కట్టుకుని, పొయ్యి ముందు నిటారుగా నిలబడింది. ఎదురుగా హాలు నిండా జనం ఉన్నట్టు గొంతు సవరించుకుంది.

“‘అమ్మలారా, అయ్యలారా. మన పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. వాళ్ళ తప్పు ఇసుమంత కూడా లేదు.’ ఇలా మొదలుపెడతాను. బాగుందా?”

విలియుస్ వెళ్ళి తలుపు గడియ వేసి వచ్చాడు. ఆమె తడి చేతులు రెండూ పట్టుకున్నాడు. కళ్ళెత్తలేక ఆ చేతుల్నే చూస్తూ నిలబడ్డాడు.

“ఆ మాట అనకు.”

“ఏం, అందులో తప్పేముంది?”

“మేం డబ్బు తీసుకుని, ఓడిపోతామని ముందే ఒప్పుకున్నాం, పిన్నీ.”