బాబాయ్ ఫోన్ చేసే వేళ

"తల్లీ, ఉన్నావా?"

"ఉన్నాను, చెప్పండి."

"చెప్పడానికేముంది. పొద్దున్నుంచీ నాతో ఒక్కరూ మాట్లాడలేదు. అది చెబుదామనే చేశాను."

ఆమె హెడ్‌ఫోన్‌ను చెవులకు ఇంకాస్త నొక్కుకుంది. అవతల ఎప్పటిలాగే పెట్టెలు కదిలే బెల్టు రొద. ఆ రొదలోంచి వచ్చే గొంతును ఆమె మనసులో 'బాబాయ్' అనుకుంటుంది. పైకి మాత్రం అనదు. పేరు అడగకూడదు, వరసలు కలపకూడదు, సొంత సంగతులు చెప్పకూడదు. చేరిన రోజునే పెద్దమేడమ్ గట్టిగా చెప్పిన నియమాలవి.

ఆమె పనిచేసే పంపుల కంపెనీలో ఇదివరకు ఏ సంగతైనా కాగితం మీద కొట్టి నోటీసు బోర్డుకు అంటించేవారు. "దాన్ని బల్లులు తప్ప ఎవరూ చదవట్లేదు. ఇక మనం కథలు చెప్పాలి. కథ చెప్పాలంటే ముందు వినాలి" అన్నారు పెద్దమేడమ్. పంపులు కొన్నవాళ్ల ఫిర్యాదులకు ఇప్పటికే కంప్యూటరు అచ్చం మనిషిలా బదులిస్తోంది. సొంత ఉద్యోగుల గోడు మాత్రం మనిషే వినాలని, వాళ్లు సరేనంటే దాన్ని కథగా రాసి అందరికీ వినిపించాలని ఈ ఫోన్ పెట్టారు. వినడానికి ముందు కొందరిని కూర్చోబెట్టి చూసి, చివరికి ఈమెను తీసుకున్నారు. ఇంటర్వ్యూలో పట్టుమని నాలుగు ముక్కలు మాట్లాడని పిల్లకు ఉద్యోగమేమిటని అందరూ ముక్కున వేలేసుకున్నారు. "మాట్లాడేవాళ్లు మన దగ్గర కావలసినంతమంది ఉన్నారు" అన్నారట పెద్దమేడమ్. ఆఫీసులో ఆమెకు 'మూగనోము' అని పేరు పడింది.

ఫోన్ పెట్టారు గానీ, చేసేవాళ్లే లేరు. చెప్పిన మాట ఎక్కడికి చేరుతుందోనని అందరికీ భయమట. రోజూ భోజనాల తర్వాత చేసేది బాబాయ్ ఒక్కడే. ప్యాకింగ్ షెడ్డులో పని ఆయనకు. కొత్త బెల్టు వచ్చాక తోటివాళ్లను తలో చోటికీ మార్చేశారు.

"డబ్బా మూత తీస్తే ఏం కూరని అడిగే దిక్కు లేదు తల్లీ. అడిగేవాడు లేకపోతే ఏ కూరైనా ఒకటే రుచి."

ఆమెకు నవ్వు రాలేదు. తనూ క్యాంటీన్‌లో ఒక్కతే తింటుంది. ఎవరితోనూ తగాదా లేదు. పలకరిస్తే పలుకుతుంది, పలకరించడమే రాదు. సాయంత్రం అద్దె గదికి చేరాక తాళం తీసిన చప్పుడే ఆ రోజుకు ఆఖరి పలకరింపు. అందుకే మధ్యాహ్నం కోసం పొద్దున్నుంచీ ఎదురుచూస్తుంది.

"ఒక మాట చెప్పనా? రేపటి నుంచి పనికి రావడం మానేద్దామనుకుంటున్నాను" అన్నాడు బాబాయ్.

"ఎందుకండీ?"

"రాకపోతే ఎవరికైనా తెలుస్తుందేమో చూద్దామని."

"ఇంట్లో ఎవరూ లేరా?"

"గోడలున్నాయిగా. వాటికి చెవులుంటాయంటారు. ఇన్నేళ్లుగా చెబుతున్నాను, ఒక్కటీ ఊఁ కొట్టలేదు."

ఆమె ముందు బల్ల మీద ఓదార్పు మాటలు అచ్చువేసిన కాగితం ఉంది. 'మీ బాధ నాకు అర్థమైంది. ఇంకా చెప్పండి.' కాగితాన్ని బోర్లా తిప్పేసింది.

"బాబాయ్" అంది. "నేనూ ఒక్కదాన్నే తింటాను. రేపు క్యాంటీన్‌కి రండి. కిటికీ పక్క బల్ల దగ్గరుంటాను, ఆకుపచ్చ చున్నీ. మీకు కుర్చీ పట్టి ఉంచుతాను. ఏం కూరో నేనడుగుతాను."



"నాకోసం ఇంతవరకూ ఎవరూ కుర్చీ పట్టలేదు తల్లీ" అన్నాడు. లైను తెగిపోయింది.

మర్నాడు ఆమె అందరికంటే ముందే వెళ్లి ఎదుటి కుర్చీలో తన సంచీ పెట్టింది. స్టోర్స్‌లో పనిచేసే ఆవిడ పళ్లెం పట్టుకుని వచ్చింది.

"ఇక్కడెవరైనా ఉన్నారా?"

"మావాళ్లు వస్తున్నారండీ."

"అబ్బో, మూగనోముకీ మావాళ్లున్నారే" అంటూ ఆవిడ పక్క బల్లకు వెళ్లింది. 'మావాళ్లు' అన్న మాట ఆ ఊళ్లో ఆమె నోట రావడం అదే మొదలు. తల నెరిసిన మనిషి కనబడినప్పుడల్లా కుర్చీలోంచి సగం లేచింది. ఒకాయన నవ్వాడు గానీ, మంచినీళ్లు పట్టుకుని వెళ్లిపోయాడు. జనం పలచబడ్డారు. బల్లలు తుడిచే మనిషి సంచీని ఎత్తి, కుర్చీ తుడిచి, మళ్లీ అక్కడే పెట్టింది. ఆమె డబ్బా మూతైనా తీయలేదు.

ఆ మధ్యాహ్నం ఫోన్ మోగలేదు. పనిచేస్తోందో లేదోనని ఎత్తి చూసింది. పనిచేస్తోంది.

ఇంతలో పెద్దమేడమ్ పిలిచారు. ఫోన్లన్నీ రికార్డవుతాయని ఆమెకు తెలుసు.

"వరస కలిపావు. నీ సంగతి చెప్పావు. ఎక్కడ కూర్చుంటావో కూడా చెప్పావు. నియమాలు గుర్తున్నాయా?"

"ఉన్నాయి మేడమ్. తప్పే. తీసేస్తే వెళ్లిపోతాను. కానీ ముందు ప్యాకింగ్ షెడ్డుకి ఎవరినైనా పంపండి. ఆయన ఇవాళ రాలేదు, ఫోనూ చేయలేదు. తను రాకపోతే ఎవరికీ తెలియదన్నారు. నాకు తెలిసింది మేడమ్. ఆ ఒక్క ముక్క ఆయనకి చేరిస్తే చాలు."

ఆ ఆఫీసులో ఆమె ఒక్కసారిగా అంత మాట్లాడటం ఎవరూ వినలేదు. పెద్దమేడమ్ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నీకంటే ముందు ఆ ఫోన్ దగ్గర కూర్చున్నవాళ్లందరూ కాగితం చూసి ఓదార్పు చదివారు. నువ్వొక్కదానివే విన్నావు. నియమాలే మార్చుకుంటాం. నీ ఉద్యోగం ఖాయం."

"మరి బాబాయ్, మేడమ్?"

పెద్దమేడమ్ లేచి వచ్చి ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. భుజం మీద చెయ్యి వేశారు.

"నీ శిక్షణ నిన్నటితో అయిపోయిందమ్మా" అన్నారు మెల్లగా.

"రేపటి నుంచి నీకు మనుషుల ఫోన్లు కలుపుతాం."